"ఏ నీళ్లమ్మా ఇవి?": చలివేంద్రంలో 64 రోజులు

పోయిన ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం నల్లగొండ బస్టాండ్‌లో దిగాను. వెంట ఎనిమిదేళ్ల మా బాబు ఉన్నాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా నకిరేకల్ దాటకముందే అయిపోయింది. బయట ఒక చలివేంద్రం కనిపిస్తే వాణ్ని లాక్కుంటూ వెళ్లాను. పందిరి ఉంది, పెద్ద ఫ్లెక్సీ ఉంది, దాని నిండా ఫోటోలు ఉన్నాయి. రంజన్లు మాత్రం ఎండిపోయి ఉన్నాయి. ఒకదాని మూత తీస్తే లోపల సాలెగూడు. వాడు ఏమీ అనలేదు, నా ముఖం వంక చూశాడంతే. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అందుకే ఈసారి ఉగాదికి ముందు మా వాడకట్టు సేవా సమితి వాళ్లు "బస్టాండ్ దగ్గర చలివేంద్రం పెడుతున్నాం, మధ్యాహ్నం పూట నిలబడేవాళ్లు దొరకడం లేదు" అన్నప్పుడు, నేనొస్తానని అక్కడికక్కడే చెప్పాను. ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెప్తాను. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు కాబట్టి పన్నెండున్నరకల్లా ఖాళీ. ఏప్రిల్ 24 నుంచి ఎలాగూ సెలవులు. వాట్సాప్ గ్రూపులో పేరు ఇచ్చినవాళ్లు మొదటి రోజు పందొమ్మిది మంది. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, తర్వాత చెప్తాను.

సమితి కార్యదర్శి రిటైర్డ్ లైన్‌మన్. అందరం పెద్దన్న అంటాం. ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "చెల్లె, పెట్టుడు కాదు, మిరుగు దాకా నడపాలె. ఉంటవా?" మిరుగు అంటే మృగశిర కార్తె, జూన్ 8. ఉంటానన్నాను. అంటే ఎన్ని రోజులో అప్పుడు లెక్క వేసుకోలేదు.

ముందు అనుమతి సంగతి. రోడ్డు పక్కన నాలుగు గుంజలు పాతడానికి ఒకే కాగితం మూడు ఆఫీసులు తిరిగింది. ఒక చోట సార్ లేడన్నారు, ఒక చోట ఫలానా వాళ్ల సంతకం ముందు కావాలన్నారు. మొత్తం 11 రోజులు. ఎవరూ డబ్బులు అడగలేదు, అది కూడా చెప్పాలి. ఎవరైనా పెట్టాలనుకుంటే ఫిబ్రవరి ఆఖరులోనే దరఖాస్తు ఇచ్చుకోండి. జాగా ఎంచుకునేటప్పుడు పొద్దున నీడ చూసి మోసపోకండి. మేము పొద్దున ఎనిమిదింటికి వెళ్లి చూసిన చోట చెట్టు నీడ చల్లగా ఉంది. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూస్తే ఆ నీడ గోడ అవతలకు పోయింది. జాగా మార్చుకున్నాం.

ఏప్రిల్ 3న కుమ్మరి దగ్గర పది రంజన్లు కొన్నాం, ఒక్కోటి 400. నాకు తెలియని విషయాలు ఇక్కడే మొదలయ్యాయి. కొత్త రంజన్‌లో తెచ్చిన రోజే నీళ్లు పోసి పెట్టకూడదు. ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. తర్వాత రెండు రోజులు నింపి, ఆ నీళ్లు చెట్లకు పోసేయాలి. లేకపోతే పచ్చి మట్టి వాసన, గొంతులో గర. నానబెట్టినప్పుడు ఒకదానికి అడుగున సన్నగా చెమట పట్టినట్టు కారింది. అది పనికిరాదని కుమ్మరి అవ్వ వేలితో కొట్టి శబ్దం విని చెప్పింది. మిగిలినవి తొమ్మిది. కింద ఇసుక పోసి, దాన్ని తడిపి, రంజన్లు కూర్చోబెట్టి చుట్టూ తడి గోనె చుట్టాం. సబ్బు ముట్టించవద్దని, వారానికోసారి బయటి వైపు కొబ్బరి పీచుతో రుద్దమని కూడా ఆ అవ్వే చెప్పింది. మట్టిలో సన్నటి రంధ్రాలు మూసుకుపోతే నీళ్లు బయటికి ఊరవు, ఊరి ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. నేను ఏళ్ల తరబడి బోర్డు మీద రాసే పాఠాన్ని ఆమె చేత్తో తడిమి చెప్పింది.

శ్రీరామనవమి నాడు, ఏప్రిల్ 6న, మొదలుపెట్టాం. రిబ్బన్ కట్ చేయలేదు. పానకం పంచాం, తర్వాత నీళ్లు. ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో వేయవద్దని నేను పట్టుబట్టాను. పెద్దన్న ఒప్పుకున్నాడు, ఇద్దరు సభ్యులు అలిగారు. ఆ ఇద్దరూ మళ్లీ రాలేదు.

నా షిఫ్టు ఒంటిగంటన్నర నుంచి నాలుగున్నర. రెండో రోజో మూడో రోజో ఒక తాత వచ్చాడు. నడుము పూర్తిగా వంగిపోయింది, కర్ర ఊతం. మెడ తిప్పలేడు కాబట్టి నన్ను చూడడానికి ఒళ్లంతా తిప్పాడు. మర్రిగూడ వైపు మనిషి. గ్లాసు అందుకున్నాడు కానీ తాగలేదు.

"ఏ నీళ్లమ్మా ఇవి?"

నాకు అర్థం కాక "చల్లటి నీళ్లే తాతా" అన్నాను.

"సల్లగున్నయి సరే. బోరు నీళ్లా, కృష్ణ నీళ్లా?"

బోరు నీళ్లలో ఎక్కువగా ఉండి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలను వంచేసే ఫ్లోరైడ్ గురించి ప్రతి ఏడూ పిల్లలకు చెప్తాను. మా జిల్లా పేరుతోనే నల్లగొండ టెక్నిక్ అని ఒక పద్ధతి ఉంది, పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గిస్తారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని, మరగబెడితే పోదని, పైగా నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుందని, అన్నీ నోటికి వచ్చు. కానీ ఆ నడుముతో ఉన్న మనిషి గ్లాసు పట్టుకుని అడుగుతుంటే, ఇవి ఏ నీళ్లో నేను కనుక్కోలేదని తెలిసి సిగ్గేసింది. "ఉండు తాతా" అని పెద్దన్నకు ఫోన్ చేశాను. వాళ్లింటి నల్లా నీళ్లు, పానగల్లు ఉదయసముద్రం నుంచి వచ్చేవి, సంపులో పట్టి క్యాన్లలో తెస్తున్నామని చెప్పాడు. అదే తాతకు చెప్పాను. తాత మూడు గ్లాసులు తాగాడు. "సల్లగుండు బిడ్డా" అని పోయాడు.

ఆ సాయంత్రమే మా స్కూల్ నుంచి పరీక్ష కిట్ తెచ్చి చూశాం. రంగును చార్టుతో పోల్చితే 1 లోపే ఉంది. అట్టముక్క మీద "ఇవి కృష్ణా నీళ్లు. ఫ్లోరైడ్ పరీక్ష చేశాం" అని రాసి, తేదీ వేసి వేలాడదీశాను. ప్రతి పది రోజులకూ మళ్లీ పరీక్ష చేసి తేదీ మార్చేదాన్ని. వేరే ఊళ్లలో ఎలాగో తెలియదు కానీ, చండూరు, నాంపల్లి, మర్రిగూడ వైపు పెద్దవాళ్లు చాలామంది ఆ అట్టముక్క చదివించుకునే తాగారు. మన జిల్లాలో ఎవరు చలివేంద్రం పెట్టినా ఈ ఒక్క పని చేయండి, దయచేసి.

నీళ్ల లెక్క మేము అనుకున్నట్టు రాలేదు. తొమ్మిది రంజన్లు, ఒక్కోటి పాతిక లీటర్లు. రోజుకు రెండుసార్లు నింపితే చాలనుకున్నాం. గ్లాసుతో తాగేవాళ్లను లెక్కేశాం, సీసా నింపుకునేవాళ్లను మరిచాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక పిల్లలతో ప్రయాణం చేసే తల్లులు బాగా పెరిగారు. ఒక్కొక్కరి చేతిలో రెండు లీటరు సీసాలు. మొదట్లో మాలో కొందరు "సీసాలు నింపబడవు" అని రాద్దామన్నారు. నేను వద్దన్నాను. దేవరకొండ బస్సు ఎక్కే తల్లికి నీళ్లు కావాల్సింది ఇక్కడ కాదు, దారిలో. ఏప్రిల్‌లో మూడుసార్లు, మే నెలలో నాలుగుసార్లు నింపాం. అంటే రోజుకు 900 లీటర్లు. ట్రాలీ ఆటో రెండు ట్రిప్పులు, రోజుకు 300.

గ్లాసుల విషయంలో ఒకటి చెప్పాలి. స్టీలు గ్లాసులు 24 పెట్టాం. ఏప్రిల్ మూడో వారంలో ఒక అవ్వ వచ్చింది, పనికి పోయి వస్తున్నట్టుంది, కొంగు నెత్తి మీద వేసుకుని ఉంది. గ్లాసు ఇస్తే తీసుకోలేదు. రెండడుగులు వెనక్కి జరిగి, కింద గొంతుకూర్చుని, దోసిలి పట్టింది. "పోయి బిడ్డా, గిలాస అద్దు." ఎండకు ఏం మాట్లాడుతోందో తెలియక అలా అంటుందనుకున్నాను. కళ్లు నేలకేసి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. ఆ మనిషి చిన్నప్పటి నుంచి అలాగే తాగింది, ఎవరో అలా తాగమన్నారు. వాదించే సమయం కాదు, దాహంతో ఉంది. పోశాను. మోచేతుల మీదుగా నీళ్లు కారి దుమ్ములో పడ్డాయి. సగం నోట్లోకి, సగం నేలకు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మళ్లీ నాలుగు రోజులకు వచ్చింది. ఈసారి నేను గ్లాసు నింపి, దగ్గరికి వెళ్లి పక్కన కూర్చున్నాను. నాకో గ్లాసు, ఆమెకో గ్లాసు. "నేనూ తాగలేదవ్వా, తాగుదాం" అన్నాను. కాసేపు గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పింది. పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంది. గ్లాసు తిరిగి ఇవ్వకుండా తానే కడిగి, తాడుకు తగిలించి వెళ్లింది. ఇంకోసారి వచ్చినప్పుడు అడగకుండా తీసుకుంది. అంతకంటే పెద్ద సంగతి ఈ 64 రోజుల్లో నాకు లేదు.

మే మొదటి వారంలో ఎండ 44 దాటింది. ఒక తాపీ కూలి, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, పందిరి గుంజ పట్టుకుని జారిపోయాడు. ఒళ్లు కాలుతోంది, చెమట లేదు. చుట్టూ చేరినవాళ్లు నోట్లో నీళ్లు పోయమని ఒకటే అరుపులు. స్పృహ సరిగా లేనివాళ్లకు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పోయనివ్వలేదు. నీడలో పడుకోబెట్టి, చొక్కా విప్పి, రంజన్ల చుట్టూ ఉన్న తడి గోనెలే తీసి మెడకు, చంకలకు పెట్టాం. అట్టలతో విసిరాం. 108 రావడానికి 18 నిమిషాలు. ఆ 18 నిమిషాల్లో నా చేతులు ఎంత వణికాయో చెప్పలేను. రెండు రోజుల తర్వాత వాళ్ల మేస్త్రీ వచ్చి పిల్లాడు బాగున్నాడని చెప్పిపోయాడు. అప్పటి నుంచి ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టాం. దాన్ని కూడా చాలామంది ఒక గ్లాసు నీళ్లలో కలుపుకుంటున్నారు. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లకు. తక్కువ నీళ్లలో కలిపితే మేలు కన్నా కీడు ఎక్కువ.

మే 9 సాయంత్రం ఈదురుగాలి. పందిరి మీది గ్రీన్ నెట్ చిరిగి కరెంటు తీగల దాకా ఎగిరింది, మూడు రంజన్లు పగిలాయి. పగిలినవాటి బదులు కొత్తవి తెచ్చి, పందిరి బాగు చేయడానికి 2,400 అయింది. వాన పడ్డ మర్నాడు నీళ్లు అసలు చల్లబడలేదు. గాల్లో తేమ ఉంటే రంజన్ ఏం చేస్తుంది? "ఇయ్యాల సల్లగ లెవ్వేంది" అని అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్పి చెప్పి అలిసిపోయాను.

ఇక ఆ పందొమ్మిది మంది. ఏప్రిల్ ఆఖరుకు పదకొండు మంది అయ్యారు. మే రెండో వారానికి తప్పకుండా వచ్చేది నలుగురమే. పెద్దన్న, నేను, మా వీధి టైలర్ అక్క, డిగ్రీ చదివే ఒక తమ్ముడు. రానివాళ్లను తప్పుపట్టను. పెళ్లిళ్ల కాలం, పిల్లలతో ఊళ్లకు పోయేవాళ్లు, దుకాణాలు ఉన్నవాళ్లు. కానీ "రేపు రాలేను" అని ముందు రోజు రాత్రి ఒక్క మెసేజ్ పెడితే చాలు. పెట్టరు. గ్రూపులో మాత్రం దండం గుర్తులు వస్తూనే ఉంటాయి.

మే 19న జరిగింది దాని ఫలితమే. ఆ పొద్దున పెద్దన్నకు బీపీ పెరిగి ఆసుపత్రిలో చేర్చారు. క్యాన్లు నింపేది, ఆటోను పిలిచేది అన్నీ ఆయనే. పొద్దున షిఫ్టు వేరొకరిది, ఆయన రాలేదు, చెప్పలేదు. నేను ఒంటిగంటన్నరకు వెళ్లేసరికి తొమ్మిది రంజన్లూ ఖాళీ. పదకొండున్నర నుంచి అలాగే ఉన్నాయట. గోనెలు ఎండి అట్టల్లా బిగిశాయి.

జనం వస్తూనే ఉన్నారు. మూత తీస్తారు, లోపలికి చూస్తారు, నా వంక చూస్తారు. ఒకావిడ చంకలో పాప. ఆమె వెనక ఒక పిల్లాడు, మా బాబు అంతవాడే. వాడు మూత తీసి, లోపల చూసి, మెల్లిగా మళ్లీ మూత పెట్టాడు. శబ్దం కాకుండా పెట్టాడు. నాకు పోయిన మే గుర్తొచ్చింది. ఇప్పుడు ఫ్లెక్సీ కింద నిలబడ్డది నేను.

రోడ్డు అవతల చాయ్ హోటల్‌కు పరుగెత్తాను. అప్పటిదాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడింది లేదు. మా వల్ల ఆయన నీళ్ల సీసాల అమ్మకం తగ్గిందని, కోపంగా ఉన్నాడని అనుకునేదాన్ని. నా ముఖం చూసి "ఏమైంది మేడం" అన్నాడు. చెప్పాను. మారు మాట్లాడకుండా లోపల డ్రమ్ము మూత తీసి, తన పనిపిల్లగాడికి బకెట్ ఇచ్చాడు. ఆ ఇద్దరూ నేనూ మోశాం. ముందు మూడు రంజన్లు నింపాం. తర్వాత వాటర్ ప్లాంట్ నుంచి ఎనిమిది క్యాన్లు నా డబ్బులతో తెప్పించాను. రెండు నలభైకి మళ్లీ నీళ్లు పోయడం మొదలైంది. మూడు గంటల పది నిమిషాలు ఎండి ఉన్నాయి. ఆ లోపు ఎంతమంది వచ్చి పోయారో నాకు తెలియదు.

ఆ రాత్రి గ్రూపులో మొదటిసారి గట్టిగా రాశాను. ఎవరినీ తిట్టలేదు. ఆటో నంబరు, సంపు తాళం ఎక్కడుందో, ఎన్ని గంటలకు ఎన్ని క్యాన్లు కావాలో, అన్నీ రాసి, ఒక్క మనిషి పడిపోతే అంతా ఆగిపోయే పద్ధతి ఇక వద్దని రాశాను. తాళం చెవి రెండోది చేయించి టైలర్ అక్క దగ్గర పెట్టాం. చాయ్ హోటలాయన ఆపద్ధర్మంగా రెండు క్యాన్లు ఎప్పుడూ తన దగ్గర ఉంచుకున్నాడు. పొద్దున షిఫ్టు మానేసిన ఆయన మూడు రోజులకు వచ్చి, వాళ్లమ్మకు బాగాలేక ఊరికి పోయానని చెప్పాడు. మెసేజ్ పెట్టాల్సిందని తల దించుకున్నాడు. తర్వాత ఆఖరి దాకా ఆయన ఒక్క రోజు తప్పలేదు.

పెద్దన్న అయిదో రోజుకే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మోయనివ్వలేదు మేము. మే 25న రోహిణి కార్తె వచ్చింది. ఆ రెండు వారాలూ మధ్యాహ్నం పూట రోడ్డు మీద మాట్లాడే మనిషి లేడు, గ్లాసుల చప్పుడు తప్ప. మంగళ, శుక్రవారాలు మజ్జిగ. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి, ఐసు వేయకుండా రంజన్‌లోనే పెట్టేవాళ్లం. పన్నెండు దాటితే పులుస్తుంది, కాబట్టి పదిన్నరకే మొదలుపెట్టాలి. ఇదీ రెండు వారాలు పారబోసుకున్నాకే తెలిసింది.

ఖర్చు కూడా రాస్తున్నాను, అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. రంజన్లు 4,000, ఇసుక 900, గుంజలు, నెట్, తాళ్లు కలిపి 5,200, గ్లాసులు 840, ఫ్లెక్సీ 600. ఆటోకు 19,200. మజ్జిగ 18 సార్లకు 11,700. గాలివాన నష్టం 2,400. ఓఆర్ఎస్, చిల్లర ఖర్చులు 1,100. మొత్తం 45,940. చందాలు వచ్చింది 41,300. తక్కువ పడిన 4,640 నలుగురం తలా 1,160 వేసుకున్నాం. తమ్ముడి వాటా ఇద్దరం పంచుకుంటామన్నాం, వాడు వినలేదు. క్యాటరింగ్ పనికి పోయి సంపాదించి తెచ్చాడు.

జూన్ 8, మిరుగు. పొద్దున్నే చేపల మార్కెట్ వైపు జనం కిటకిటలాడుతున్నారు. మేము పందిరి విప్పాం. మర్రిగూడ తాత ఆ రోజు వస్తాడేమోనని చూశాను, రాలేదు. గ్లాసులు లెక్కేస్తే 24లో 21 ఉన్నాయి. పోయిన మూడూ ఎవరి ఇంట్లోనో నీళ్లు తాగడానికే పనికొస్తాయని టైలర్ అక్క అంది.

రంజన్లు కడిగి, మూడు రోజులు నీడలో ఆరబెట్టి, మా మేడ మెట్ల కింద బోర్లించాను. తొమ్మిదిలో రెండింటికి వెంట్రుక వాసి పగుళ్లు ఉన్నాయి. వచ్చే మార్చిలో మూడు కొత్తవి కొనాలి, కుమ్మరి అవ్వకు ఇప్పుడే చెప్పి పెట్టాను. సంపు రెండో తాళం చెవి ఇంకా టైలర్ అక్క దగ్గరే ఉంది.